పొరటు ముందే చేసుకుని వెళ్ళవచ్చా?

ప్రశ్న: పిన్నిగారూ, వచ్చే శనివారం మధ్యాహ్నం బయలుదేరి భీమేశ్వరి దగ్గర కావేరి ఒడ్డున ఒక రాత్రి డేరాల్లో ఉండబోతున్నాం. పిల్లలతో కలిపి ఎనిమిది మందిమి. ఆదివారం పొద్దున్నే అక్కడ ఉల్లిపాయలు తరుగుతూ కూర్చోలేను. కోడిగుడ్డు పొరటు ఇంట్లోనే చేసి హాట్‌బాక్సులో పెట్టుకుంటే పొద్దుటిదాకా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: పొరటు నిక్షేపంగా ముందే చేసుకో. హాట్‌బాక్సును మాత్రం ఇంట్లోనే వదిలిపెట్టు తల్లీ. నేను ఒకసారి ఆ తప్పు చేశాను. మల్లేశ్వరంలో రాత్రి చేసిన పొరటును అందులో పెట్టుకుని తెల్లవారకముందే సావనదుర్గ వెళ్ళాం. కొండ దిగి మూత తీస్తే అంచుల్లో ఆకుపచ్చ ఛాయ, అడుగున నీళ్ళ మడుగు. మా వారు వాసన చూసి, ఒక్క మాటా అనకుండా మూత పెట్టేశారు. ఆ పూట బ్రెడ్డులో ఆవకాయ నంచుకున్నాం.

ఆకుపచ్చ రంగు వల్ల ముప్పేమీ లేదు. పచ్చసొనలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం వేడికి కలిసి అలా చేస్తాయి. భయపడవలసింది కంటికి కనిపించనిదానికి. హాట్‌బాక్సు రాత్రంతా వేడిని నిలపలేదు. 60 డిగ్రీల కిందికి దిగిందంటే సూక్ష్మజీవులకు పండగే. వండిన గుడ్డు బయట రెండు గంటలు మించి ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే.

అందుకని వేడిగా కాదు, గడ్డకట్టించి తీసుకువెళ్ళు. శుక్రవారం రాత్రి 16 గుడ్లతో చెయ్యి. ఉల్లిపాయల తడి పూర్తిగా ఇగిరేదాకా వేయించు. టమాటా వద్దు, కరిగేటప్పుడు నీళ్ళు వదులుతుంది. గిలక్కొట్టిన గుడ్లు పోశాక మంట తగ్గించి, పచ్చిదనం పోయీపోగానే, మెత్తగా ఉండగానే దించు. ఇంట్లో పొడిపొడిగా వేయిస్తే అక్కడ రెండోసారి వేడికి రబ్బరు ముక్కలవుతాయి. వెడల్పు పళ్ళెంలో పరిచి ఆరనిచ్చి, జిప్పు సంచుల్లో పలచగా అదిమి, గాలి తీసి ఫ్రీజరులో పెట్టు. పలకల్లా గడ్డకడతాయి. శనివారం వాటిని ఐస్‌పెట్టెలో, గడ్డకట్టించిన నీళ్ళ సీసాల మధ్య సర్దు. తాగే నీళ్ళకూ శీతల పానీయాలకూ వేరే పెట్టె ఉండాలి, లేదంటే పిల్లలు పదిసార్లు మూత తీస్తారు. ఆదివారం పొద్దున సంచీ చల్లగానే ఉంటే వాడు, గోరువెచ్చగా ఉంటే మొహమాటపడకుండా పారెయ్యి.

పెనంలో వెన్న వేసి, సంచిలో ఊరిన నీళ్ళు వంచేసి, పొరటు అంతా పొగలు కక్కేదాకా కలుపు. పచ్చిమిర్చి, కొత్తిమీర అప్పుడే వెయ్యి. ముందే వేస్తే కొత్తిమీర నల్లబడుతుంది.

నన్నడిగితే, ఉల్లిపాయల వేపుడు మాత్రమే ముందే చేసి, గుడ్లు అక్కడ కొట్టుకోవడమే రుచి. రెండు నిమిషాల పని. కానీ ఎనిమిది మంది ఆకలి, ఒక్క చిన్న స్టవ్వు అంటే నీ ఆలోచనే సరైనది.

గిన్నెలు తోమడానికి ఎవరినీ నది అంచుకు పంపకు. ఆ నీళ్ళలో మొసళ్ళున్నాయి.