ఇంటి ముందు జాగాలో బండలు పరచాలా, మళ్లు వేయాలా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. బెంగళూరు కె.ఆర్.పురంలో ఇల్లు కట్టుకున్నాం. తూర్పు ముఖం. ఇంటి ముందు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు జాగా ఖాళీగా ఉంది, ప్రహరీ లేదు. కరివేపాకు, టమాట నాటితే లేత ఆకులు పసుపు రంగుకి తిరిగాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. రెండుసార్లు డీఏపీ ఎరువు వేసినా ఎదగలేదు. బండలు పరిచేద్దాం అంటున్నారు ఇంట్లోవాళ్లు. ఏం చేయమంటారు?

జవాబు: బండలు మాత్రం పరచకండి. 25 మిల్లీమీటర్ల వాన పడితే మీ జాగా ఒక్కదాని మీదే 550 లీటర్ల నీళ్లు పడతాయి. మట్టి ఉంటే చాలావరకు ఇంకుతాయి, బండలుంటే రోడ్డెక్కుతాయి. 2024 వేసవిలో బోర్లు ఎండి బెంగళూరులో చాలాచోట్ల ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు కదండీ.

మీరు చెప్పిన లక్షణాలు ఇనుము లోపానివి. బెంగళూరు ఎర్రమట్టిలో ఇనుముకు కరువు లేదు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, గోడల పెచ్చులు ఆ జాగాలోనే పూడ్చి పైన మట్టి పరిచి ఉంటారు. వాటిలోని సున్నం వల్ల మట్టి క్షారంగా మారి, ఉన్న ఇనుమును కూడా వేరు తీసుకోలేకపోతుంది. అలాంటి చోట డీఏపీ వేస్తే భాస్వరం ఎక్కువై ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. గుప్పెడు మట్టి ఆరబెట్టి దాని మీద కాస్త వెనిగర్ పోసి చూడండి. బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టే.

జాగా అంతా తవ్వక్కర్లేదు. 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పుతో రెండు మళ్లు గీసుకుని, అక్కడ మాత్రం అడుగు లోతు మట్టి తీసేయండి. రెండు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. మడికి అరకిలో వేపపిండి చాలు. కొనే ఎర్రమట్టికి కూడా వెనిగర్ పరీక్ష చేయండి, కూల్చిన ఇళ్ల మట్టిని ఎర్రమట్టి అని అమ్మేవాళ్లుంటారు. బతికున్న కరివేపాకు మొక్కకు లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము అందించే మందు), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొట్టండి. పది రోజులకు మరోసారి కొట్టండి. మట్టి మార్చాక చిగురు మామూలుగానే వస్తుంది.

తూర్పు ముఖం కాబట్టి మధ్యాహ్నం తర్వాత ఇంటి నీడ పడుతుంది. ఎదురుగా మేడ ఉంటే పొద్దున ఎండ కూడా ఆలస్యంగా వస్తుంది. ఒక ఆదివారం గంట గంటకూ నీడ ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. ఆరు గంటల ఎండ లేని చోట టమాట, వంగ పెట్టి బాధపడొద్దు. నాలుగు గంటలున్నా తోటకూర, పాలకూర, మెంతికూర బాగా వస్తాయి. రోడ్డు దుమ్ము ఆకు మీద పడుతుంది కాబట్టి ఆకుకూరలు ఇంటి వైపు మడిలో వేయండి. రోడ్డు అంచున నందివర్ధనం దగ్గరదగ్గరగా నాటితే కంచెలా ఉంటుంది, పూజకు పూలూ వస్తాయి. అవి ఎదిగే వరకు పశువులు రాకుండా వెదురు తడిక కట్టండి.

మీది మదనపల్లె కాబట్టి ఒక మాట. ఎండ ఎక్కువగా పడే మడిలో అనప (చిక్కుడు జాతి, సొరకాయ కాదు) వేయండి. చలికాలంలో బెంగళూరు వీధుల్లో అవరెకాయి అని రాశులు పోసి అమ్మేది మన అనపకాయలే. నాటు రకం పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. జూలై, ఆగస్టులో విత్తితే డిసెంబర్, జనవరిలో పితికిపప్పుకు (గింజలు నానబెట్టి తొక్క పితికి వండేది) కాయ చేతికొస్తుంది. అంతవరకు ఆగలేకపోతే బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఐఐహెచ్ఆర్ (భారత ఉద్యాన పరిశోధన సంస్థ) విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ రకాలున్నాయి. ఇవి పొట్టి పొదలు, పందిరి అక్కర్లేదు, పగటి పొద్దుతో పనిలేకుండా కాస్తాయి.

మామిడి, పనస, కొబ్బరి జోలికి వెళ్లకండి. మునగ కూడా వద్దు. కొమ్మ పెళుసు, పైగా గొంగళి పురుగులు పడితే గుమ్మంలోకే వస్తాయి. కరివేపాకును ఉత్తరం వైపు మూలకు మార్చుకుంటే మళ్ల మీద దాని నీడ ఎక్కువగా పడదు.

వానలు మొదలయ్యాక పెద్ద నత్తలు వస్తాయి. ఒక్క రాత్రిలో నారంతా తినేస్తాయి. సాయంత్రం తడి గోనెసంచి కింద బొప్పాయి ఆకులు పెట్టి, పొద్దున్నే చేతికి కవరు తొడుక్కుని ఏరేయండి. నత్తలు చస్తాయని మడిలో ఉప్పు చల్లితే మట్టి మళ్లీ పాడవుతుంది. జూలైలో అనప విత్తాలనుకుంటే మట్టి పని మే నెలలోనే ముగించండి, జూన్‌లో రెండు వానలకు మడి సర్దుకుంటుంది.