ఓడ దిగకముందే మళ్లీ బుకింగా? చేతిలో ఎన్ని నెలల ఖర్చు ఉందో ముందు చెప్పండి

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఇద్దరు పిల్లలు. పోయిన నెల మొదటిసారి 7 రాత్రుల క్రూయిజ్‌కి వెళ్లొచ్చాం. అందరికీ తెగ నచ్చింది. ఓడ దిగే ముందు రోజు అక్కడి డెస్క్ దగ్గర మావారు వచ్చే ఏడాదికి ఇంకో క్రూయిజ్ బుక్ చేసేశారు, ఈసారి బాల్కనీ ఉన్న గది. మొత్తం ఛార్జీ మా ఇద్దరి మూడు నెలల జీతమంత అవుతుంది. అందులో 10 శాతం డిపాజిట్ క్రెడిట్ కార్డు మీద కట్టాం. బదులుగా ఛార్జీలో 3 శాతం దాకా ఆన్‌బోర్డ్ క్రెడిట్ (ఓడలో ఖర్చులకి వాడుకునే మొత్తం) ఇస్తామన్నారు. ఈ డిపాజిట్, ఓడలో పెట్టిన ఖర్చు కలిపి కార్డు మీద సగం నెల జీతమంత బాకీ ఉంది. నెలనెలా జీతంలో 15 శాతం మిగులుతుంది (పొదుపు ఒక నెల ముఖ్యమైన ఖర్చులకి సరిపడా ఉంది). ప్రయాణం ఇంకో 11 నెలల్లో, మిగతా డబ్బు 90 రోజుల ముందే కట్టేయాలి. రద్దు చేసుకుంటే డిపాజిట్ తిరిగి రాదట. మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుని కట్టేద్దామా, మ్యూచువల్ ఫండ్స్ అమ్ముదామా? రద్దు చేద్దామంటే మావారు ఏమంటారో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: లోన్ వద్దు. వడ్డీ తక్కువకి దొరికినా వద్దు, ఆఫీసులో ఎవరో ఇప్పిస్తామన్నా వద్దు.

బాల్కనీ గది గురించి మీ ఉత్తరంలో ఉత్సాహంగా రాశారు, పొదుపు గురించి మాత్రం ఒక్క ముక్క, అదీ బ్రాకెట్లలో. నేను ముందు చదివింది ఆ బ్రాకెట్లనే. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒక్క నెల ఖర్చు చేతిలో పెట్టుకుని, కార్డు మీద బాకీ మోస్తూ, 11 నెలల తర్వాతి సరదాకి సంతకం పెట్టారు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తుంటాయి. ఒకరిది క్రూయిజ్ అయితే ఇంకొకరిది టైమ్‌షేర్ (ఏటా కొన్నాళ్లు రిసార్ట్ గది వాడుకునే హక్కు), మరొకరిది జిమ్‌లో మూడేళ్ల మెంబర్‌షిప్. మనిషి బాగా సంతోషంగా ఉన్న గంట చూసుకుని, "ఇప్పుడు కొంచెం కడితే చాలు" అనే మాటతో అమ్మేవే అన్నీ. అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

ఆ డెస్క్ సంగతి నాకు తెలుసు. రేవు ఏదీ లేని రోజున, అంటే ఓడ రోజంతా సముద్రం మీదే ఉండే రోజున అక్కడ క్యూ కడతారు. ఆరు రోజులుగా ఎవరూ పర్సు తీసి ఉండరు, ఏం కొన్నా గది కార్డు గీకడమే, ఆ మొత్తాలన్నీ కలిపి చివరి రోజు బిల్లు వచ్చేదాకా డబ్బు కంటికి కనిపించదు. ఎదురుగా స్క్రీన్ మీద వచ్చే ఏడాది రూటు మ్యాప్, పక్కన పిల్లలు "నాన్నా ప్లీజ్" అంటూ. అలాంటి చోట కూర్చున్న మనిషికి మూడు నెలల జీతం కూడా చిన్న మొత్తంలాగే కనిపిస్తుంది. మీవారిని నేను తప్పు పట్టడం లేదు, కానీ ఆ పూట ఆయన చూసింది డిపాజిట్‌ని, మీరు కట్టాల్సింది ఛార్జీని.

ఇప్పుడు లెక్కకి వద్దాం. ఛార్జీ మొత్తం 100 అనుకోండి. 10 కట్టేశారు, 90 ఉంది. ఆ 90కి ఏడాదికి 14 శాతం చొప్పున మూడేళ్ల లోన్ తీసుకుంటే వడ్డీ ఒక్కటే దాదాపు 21 అవుతుంది. అంటే 10 పోతుందేమో అన్న భయంతో 21 పోగొట్టుకోవడానికి సిద్ధపడుతున్నారు. వాళ్లు ఇస్తామన్న ఆన్‌బోర్డ్ క్రెడిట్ 3, అది కూడా చేతికొచ్చే డబ్బు కాదు, ఆ ఓడ ఎక్కితే ఆ ఓడలోనే ఖర్చు పెట్టుకోవాల్సింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఈఎంఐ మీ నెల జీతంలో 9 శాతం దాకా పడుతుంది. ఇప్పుడు మిగులుతున్న 15లో 9 అలా పోతే మిగిలేది 6. ఏడు రాత్రుల ప్రయాణానికి 36 వాయిదాలు! అవి పూర్తయ్యేసరికి పిల్లలు ఆ ఓడ పేరు కూడా మర్చిపోయి ఉంటారు.

పోనీ లోన్ లేకుండా కూడబెడదామా అంటే, 90 అంటే మీ 2.7 నెలల జీతం. నెలకి 15 శాతం చొప్పున వేసుకుంటూ పోతే 18 నెలలు పడుతుంది, మీకున్నది 8 నెలలు. అదీ కార్డు బాకీని, విమాన టికెట్లని, వీసాలని, రోజువారీ టిప్పులని, రేవుల్లో తిరగడానికయ్యే ఖర్చుని పక్కన పెట్టేసి వేసిన లెక్క. ఎటు తిప్పినా ఈ ప్రయాణం ఈ తేదీకి మీ జీతాల్లో ఇమడదు.

కార్డు గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మీరు మినిమమ్ (బిల్లులో అడిగే కనీస మొత్తం) కట్టేస్తే సరిపోతుందిలే అనుకుంటున్నారని నాకు అనుమానం. వడ్డీ నెలకి 3 శాతం, మినిమమ్ 5 శాతం అనుకోండి. 100 బాకీ మీద ఏడాదంతా బుద్ధిగా మినిమమ్ కడుతూ పోతే 55 కడతారు. ఏడాది చివర చూసుకుంటే బాకీ ఇంకా 77 ఉంటుంది. 32 వడ్డీకే పోయింది. ఆ పక్కనే ఇంకో లోన్ కూడా పెట్టుకుని క్రూయిజ్‌కి వెళ్లడమంటే కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే.

నేను ఎప్పుడూ చెప్పే మాట మళ్లీ చెబుతున్నాను, విసుగొచ్చినా వినండి. ఎమర్జెన్సీ ఫండ్, అంటే ఆపదకని పక్కన పెట్టిన కొన్ని నెలల ఖర్చు, లేని ఇంట్లో ప్రతి సరదా అప్పుగానే మారుతుంది. ఇవాళ కాకపోతే రేపు. మీరు క్రూయిజ్‌కి అన్నీ కట్టేసి కూర్చున్నాక ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోయిందనుకోండి, లేదా పెద్దవాళ్లెవరికో ఆపరేషన్ అవసరమైంది. ఓడ కంపెనీకి కట్టిన డబ్బు మీ డబ్బే అయినా మీ చేతికి రాదు. ఫైనల్ పేమెంట్ తేదీ దాటాక రద్దు చేసుకుంటే కోత మెట్లు మెట్లుగా పెరుగుతూ పోయి, ప్రయాణం దగ్గరపడేసరికి మొత్తం పోతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందిగా అంటారేమో, అది పాలసీలో రాసిన కారణాలకే చెల్లుతుంది, "కార్డు బాకీ పెరిగిపోయింది" అనే కారణం మామూలు పాలసీల్లో ఉండదు.

ఇంకో సంగతి. ప్రయాణం రద్దయ్యే రోజులు, జీతాలు ఆగే రోజులు చాలాసార్లు ఒకేసారి వస్తాయి. 2020 మార్చిలో ప్రపంచమంతటా క్రూయిజ్‌లు ఆగిపోయినప్పుడు చూశాం కదా. అప్పుడు కొన్ని కంపెనీలు, డబ్బు వెనక్కి అడగకుండా తర్వాతి ప్రయాణానికి వాడుకుంటే కట్టినదానికి 125 శాతం క్రెడిట్ ఇస్తామన్నాయి. చేతిలో ఆరు నెలల ఖర్చున్నవాళ్లకి అది మంచి బేరం, తీరిగ్గా ఆలోచించుకున్నారు. అదే నెలలో ఉద్యోగం కూడా పోయినవాళ్లు ఆ 125తో ఏం చేసుకుంటారు? ఇంటి అద్దె క్రూయిజ్ క్రెడిట్‌తో కట్టలేం. వాళ్లకి కావాల్సింది నగదు, అది చేతికొచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. కంపెనీ చేతులెత్తేస్తే సంగతి ఇంకా అధ్వానం. 2022 జనవరిలో క్రిస్టల్ క్రూయిజెస్ ప్రయాణాలు ఆపేసింది. ఇంధనం బాకీల మీద కోర్టు ఉత్తర్వు రావడంతో వాళ్ల క్రిస్టల్ సింఫనీ అనే ఓడ ప్రయాణికులతో సహా మయామీకి వెళ్లాల్సింది కాస్తా బహమాస్‌లోని బిమినీ వైపు మళ్లింది. విలాసానికి పేరున్న కంపెనీ అది. ముందే డబ్బు కట్టి ఉన్నవాళ్లు, కంపెనీ బాకీ పడ్డ మిగతావాళ్ల వరసలో నిలబడ్డారు. మీ కంపెనీకి అలా అవుతుందని కాదు. డిపాజిట్‌ని పొదుపు అనుకోకండి అంటున్నాను, అంతే.

మరి ఓడలో బుక్ చేయడమే తప్పా? కాదు. డబ్బు పక్కన ఉన్నవాళ్లకి అది బాగానే ఉంటుంది. డిపాజిట్ తక్కువ అడుగుతారు, క్రెడిట్ ఇస్తారు, బుకింగ్‌ని తర్వాత తమ ఏజెంట్‌కి మార్చుకునే వీలు కూడా చాలాచోట్ల ఉంటుంది. క్రూయిజ్ కంపెనీల్లో రాయల్ కరీబియన్ దీన్ని నెక్స్ట్‌క్రూయిజ్ అంటుంది, నార్వీజియన్ వాళ్లది క్రూయిజ్‌నెక్స్ట్, ప్రిన్సెస్ వాళ్లు ఫ్యూచర్ క్రూయిజ్ డిపాజిట్ అంటారు. తేదీ, ఓడ ఏదీ తేల్చకుండా ఊరికే డిపాజిట్ కట్టి ఉంచే పద్ధతి కూడా ఉంది. కానీ ఎక్కడైనా చూడాల్సిన మాట ఒకటే: రిఫండబులా, నాన్ రిఫండబులా. ఎక్కువ క్రెడిట్ ఆశ చూపించి నాన్ రిఫండబుల్ అంటగట్టడం మామూలే, మీకు జరిగింది కూడా అదే అయ్యుంటుంది.

ఇప్పుడు చేయాల్సింది. బుకింగ్ కాగితం తీసి, డిపాజిట్ గురించిన నిబంధన మొత్తం చదవండి. "తిరిగి రాదట" అని రాశారు, అంటే మీరింకా చదవలేదన్నమాట. కొన్ని కంపెనీల్లో నాన్ రిఫండబుల్ అన్నా, ఫైనల్ పేమెంట్ తేదీ లోపల రద్దు చేస్తే మనిషికింత అని కోత వేసుకుని మిగిలినది తర్వాతి ప్రయాణానికి క్రెడిట్‌గా ఉంచుతారు. కొన్నిచోట్ల రుసుము తీసుకుని తేదీ మారుస్తారు. ఫోన్ చేసి ఈ రెండూ అడగండి. ఆ క్రెడిట్‌ని ఎప్పటిలోగా వాడాలో కూడా అడిగి, చెప్పినదంతా మెయిల్‌లో పంపమనండి. తేదీ జరపగలిగితే కనీసం రెండేళ్ల తర్వాతకి జరపండి, అంత వీలు లేకపోతే కోత ఎంతైనా రద్దు చేసుకోండి. 10కి 10 పోయినా సరే, 21 కన్నా తక్కువే కదా. బాల్కనీ వదిలేసి కిటికీ లేని లోపలి గదికి మారితే ఛార్జీ తగ్గుతుంది, కానీ మీ లెక్కలో అది కూడా చాలదు.

మ్యూచువల్ ఫండ్స్ క్రూయిజ్ కోసం అమ్మొద్దు, కార్డు బాకీ తీర్చడానికి కొంత అమ్మితే నాకు అభ్యంతరం లేదు.

అమ్మకపోయినా పర్లేదు. ఆ 15 శాతం మొత్తం కార్డుకే కట్టండి, కొత్తగా దాని మీద ఏమీ గీకకండి, నాలుగు నెలల్లో బాకీ దాదాపు తీరిపోతుంది. అక్కణ్ణుంచి అదే మొత్తం, జీతం పడిన రోజే, వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. దానికి డెబిట్ కార్డు కూడా తీసుకోకండి. అద్దె, కిరాణా, ఫీజులు, ప్రీమియంలు లాంటి తప్పనిసరి ఖర్చులు మీ జీతంలో 60 శాతం ఉంటాయనుకుంటే, ఆ తర్వాతి నాలుగు నెలల్లో ఇంకో నెల ఖర్చు పోగవుతుంది. అంటే ఓడ వాళ్లకి ఫైనల్ పేమెంట్ కట్టాల్సిన రోజుకి మీ దగ్గర కార్డు బాకీ లేకుండా రెండు నెలల ఖర్చు ఉంటుంది. నేను అడిగేది ఆరు నెలలు. దూరమే, కానీ మూడు నెలలు దాటాక మీకే తేడా తెలుస్తుంది, ఫ్రిజ్ పాడైనా, స్కూటర్ ఆగిపోయినా కార్డు వైపు చెయ్యి పోదు. ఆరు నిండాక అదే 15 శాతంలో కొంత క్రూయిజ్ ఖాతాకి మళ్లించుకోండి, ఛార్జీ మొత్తం అందులో పడ్డాకే మళ్లీ బుకింగ్ మాట ఎత్తండి. అప్పుడు మీరు ఓడలోని డెస్క్‌లోనే బుక్ చేసుకున్నా నేనేమీ అనను.

ఆరోగ్య బీమా గురించి మీరు ఏమీ రాయలేదు. ఓడలో డాక్టర్‌కి చూపించుకుంటే ఆ ఫీజు కూడా గది ఖాతాలోనే పడుతుంది, మామూలు ఆరోగ్య బీమా చాలాసార్లు అక్కడ పనికిరాదు. మొన్న వెళ్లినప్పుడు పాలసీ చూసుకున్నారా?

రద్దు చేద్దామంటే మావారు ఏమంటారో అని టెన్షన్‌గా ఉందని కూడా ఉత్తరం చివర్లో రాశారు. మీరు వాదనకి దిగకండి. ఫోన్‌లో ఈఎంఐ క్యాలిక్యులేటర్ తెరిచి ఆయన చేతికే ఇచ్చి, ఆ 90ని, మూడేళ్లని, 14 శాతాన్ని ఆయన్నే కొట్టమనండి.