సిరంజి మూత ఏ రంగు?

ప్రశ్న: సిస్టర్ గారూ, మా అమ్మకి 62 ఏళ్లు. ఆర్నెల్ల కిందట ఆస్పత్రిలో ఇన్సులిన్ మొదలుపెట్టి పంపారు. డిశ్చార్జి రోజు నర్సమ్మ రెండు నిమిషాల్లో గబగబా చెప్పేసింది, అమ్మ తలూపింది. రోజూ తనే వేసుకుంటోంది. అయినా షుగర్ 300 దిగట్లేదు. బొడ్డు పక్కన గడ్డలా తగులుతోంది. ఇలాంటివి నర్సుని అడగొచ్చా, డాక్టరు గారినే అడగాలా?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అడగొచ్చా ఏమిటమ్మా, అడగాలి. మోతాదు రాసేది డాక్టరు గారు. ఆ మందు సరిగ్గా ఒంట్లోకి వెళ్లేలా నేర్పడం మా పని. బిల్లు, ఆటో, సామాన్ల సంచి మధ్య చెబితే ఎవరి బుర్రకీ ఎక్కదు. ఆ తప్పు నేనూ చేశాను.

మా వార్డులో ఒక పెద్దాయన ఏం చెప్పినా "అలాగే సిస్టరమ్మా" అనేవాడు. నెల తిరక్కుండా మళ్లీ చేరాడు. ఈసారి చెప్పడం మానేసి, "ఏదీ, ఇంట్లో ఎలా తీస్తారో చూపించండి" అన్నాను. చొక్కా జేబులోంచి సిరంజి తీశాడు. నారింజ రంగు మూత! సీసా మీద చూస్తే 40 అని ఉంది, అంటే ఒక మిల్లీలీటరు మందులో 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి, నారింజది 100 సీసాకి. ఆయన 20 గీత దాకా తీస్తే వెళ్లేది 8 యూనిట్లే. షాపువాడు ఇచ్చింది తెచ్చుకున్నాడు, పాపం. రంగు సంగతి నేను చెప్పనేలేదు.

ముందు మీ ఇంట్లో సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా చూడండి.

ఇక గడ్డ. ఒకేచోట పొడవగా పొడవగా వస్తుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది! అందులోకి వెళ్లిన మందు ఒకరోజు పనిచేస్తే ఒకరోజు చేయదు. సూది రోజూ వేలి వెడల్పంత దూరం జరుపుకుంటూ పోవాలి. కానీ కంగారుపడి ఇవాళే చోటు మార్చేయకండి, సిరంజీ మార్చేయకండి. ఇన్నాళ్లూ సగం సగం పట్టిన మందు ఒక్కసారిగా పూర్తిగా పడితే షుగర్ దబ్బున పడిపోవచ్చు. రేపే డాక్టరు గారికి చెప్పి, మోతాదు చూపించుకున్నాకే మార్చండి. చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, ఆస్పత్రికి పరుగెత్తండి.

వెళ్లేటప్పుడు సీసా, సిరంజి సంచిలో వేసుకోండి. ఓపీ రద్దీ తగ్గాక నర్సుని పట్టుకుని, "మా అమ్మ మీ ముందు తీస్తుంది, తప్పుంటే చెప్పండి" అనండి. మధ్యలో మీరు అందుకోకండి, సిరంజి అమ్మ చేతికే ఇవ్వండి.