డాక్టర్ సలహా: ‘మా క్లాసులో అందరూ తాగుతారు’ అంటున్నాడు.. ఏం చెప్పాలి?

ప్రశ్న: మేము కొన్నేళ్లుగా బ్యాంకాక్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి 16 ఏళ్లు. స్నేహితుల్లో ఎక్కువమంది థాయ్ పిల్లలే. ఈమధ్య ఒక స్నేహితుడి ఇంట్లో బీరు తాగి వచ్చాడు. గట్టిగా అడిగితే ‘మా క్లాసులో అందరూ తాగుతారు, తాగనివాణ్ని చిన్నపిల్లాడిలా చూస్తారు’ అంటున్నాడు. ఇక్కడి పిల్లలకు మద్యం తప్పుగా అనిపించదా? వాడితో ఎలా మాట్లాడాలి?
– ఒక తల్లి, బ్యాంకాక్

సమాధానం: మీ అబ్బాయి ఒకసారి బీరు తాగాడన్న విషయం కన్నా, అతను చెప్పిన మాటలోని రెండు నమ్మకాలే నన్ను ఎక్కువగా ఆలోచింపజేశాయి. అందరూ తాగుతున్నారన్నది ఒకటి, తాగేవాడు పెద్దవాడైపోయినట్టు లెక్క అన్నది రెండోది. కౌమారంలో మద్యం అలవాటు చాలాసార్లు రుచి వల్ల కాక ఇలాంటి నమ్మకాల వల్లే మొదలవుతుంది.

మొదటి నమ్మకం లెక్కకు నిలవదు. థాయ్‌లాండ్ జాతీయ గణాంక కార్యాలయం 2017లో జరిపిన సర్వే ప్రకారం, 15 ఏళ్లు దాటినవారిలో అంతకుముందు ఏడాది కాలంలో మద్యం తాగినవారు సుమారు 28 శాతమే. అంటే పెద్దవాళ్లలో కూడా తాగనివారే ఎక్కువ. అయినా పిల్లలకు అందరూ తాగుతున్నట్టు అనిపించడానికి కారణం ఉంది: తాగినవాడు మర్నాడు గొప్పగా చెప్పుకుంటాడు, ఫోటోలు పెడతాడు, తాగకుండా ఇంట్లో పడుకున్నవాడి గురించి ఎవరూ మాట్లాడుకోరు. తోటివాళ్ల తాగుడును విద్యార్థులు ఉన్నదానికన్నా ఎక్కువగా ఊహించుకుంటారని అమెరికా పరిశోధకులు పెర్కిన్స్, బెర్కోవిట్జ్ 1986లోనే గుర్తించారు, ఆ తర్వాత ఇంకా అనేక దేశాల్లో ఇదే కనిపించింది.

ఇక థాయ్ పిల్లలకు మద్యం తప్పుగా అనిపించదా అన్న మీ ప్రశ్నకు వస్తే, అనిపిస్తుంది. బౌద్ధ పంచశీలాల్లో ఐదోది మత్తు పానీయాలకు దూరంగా ఉండమనేదే, దాన్ని అక్కడి పిల్లలు చిన్నప్పటి నుంచీ వింటూ పెరుగుతారు. వర్షాకాలంలో ఖావో ఫన్సా రోజుతో మొదలయ్యే బౌద్ధ వ్రతకాలం మూడు నెలలూ మద్యం మానేయాలని థాయ్ ఆరోగ్య ప్రోత్సాహక సంస్థ ఏటా పెద్ద ఎత్తున ప్రచారం చేస్తుంది, ఎన్నో కుటుంబాలు దాన్ని పాటిస్తాయి కూడా. అదే పిల్లలు థాయ్ కొత్త సంవత్సరమైన సోంగ్‌క్రాన్ పండుగకు, పెళ్లిళ్లకు ఇంట్లో పెద్దలు ఒకే సీసా చుట్టూ చేరి, ఐసు, సోడా కలిపి గ్లాసులు నింపుకోవడం చూస్తారు. ఆ బల్ల దగ్గర తాగేవాడు చెడ్డవాడిగా కనిపించడు, కలిసిపోయేవాడిగా కనిపిస్తాడు. తనకన్నా పెద్దవాణ్ని ‘ఫీ’ అని పిలిచి గౌరవించే ఆ సమాజంలో, సీనియర్ చేతికిచ్చిన గ్లాసును కాదనడం ఒక కుర్రాడికి మర్యాద తప్పినట్టుగా తోస్తుంది. అమ్మాయి తాగితే మాత్రం అదే సమాజం మరింత కఠినంగా తప్పుపడుతుంది. కాబట్టి మీ అబ్బాయి స్నేహితుల మనసులో ఈ రెండు దృష్టులూ పక్కపక్కనే ఉండి ఉంటాయి, వాటిలో అతనికి ఇప్పటివరకు ఒకటే వినిపించింది.

మాట్లాడేటప్పుడు ‘తాగితే చెడిపోతావు’ అని మొదలుపెట్టకండి. అతను చూసిన తాగేవాళ్లు చెడిపోయినట్టు కనిపించరు కాబట్టి మీ మాట మీద నమ్మకం పోతుంది. 1990లలో గిబ్బన్స్, జెరార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పినదేమిటంటే, తాగే తోటివాడి గురించి మనసులో ఉన్న బొమ్మ ఎంత ఆకర్షణీయంగా ఉంటే, ముందుగా అనుకోకపోయినా, అవకాశం ఎదురైనప్పుడు తాగడానికి అంతగా సిద్ధపడతారు. అందుకే ఆ బొమ్మ గురించే అడగండి. ఆ రోజు ఎంతమంది ఉన్నారు, ఎవరు ముట్టుకోలేదు, వాళ్లను నిజంగా ఎవరైనా ఎగతాళి చేశారా, ఎక్కువ తాగినవాడి గురించి మర్నాడు ఏమనుకున్నారు అని నిదానంగా అడిగి, సమాధానాన్ని మధ్యలో ఆపకుండా వినండి. తాగని స్నేహితుల పేర్లు అతని నోటితోనే వస్తాయని నా నమ్మకం. గ్లాసు ఇచ్చినప్పుడు ఎదుటివారిని నొప్పించకుండా ఏమని చెప్పాలో కూడా ముందే ఇద్దరూ కలిసి అనుకోండి. ‘రేపు మ్యాచ్ ఉంది, సోడా చాలు ఫీ’ అన్నంత చిన్న మాట సరిపోతుంది.

ఆరోగ్యపరంగా అతనికి తెలియాల్సినవి కొన్నే. నిర్ణయాలను, ఆవేశాన్ని అదుపు చేసే మెదడు భాగం 20 ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. తాగుడు ఎంత చిన్న వయసులో మొదలైతే అది వ్యసనంగా మారే ప్రమాదం అంత ఎక్కువ. థాయ్ రోడ్లపై మరణించేవారిలో అత్యధికులు మోటార్‌సైకిళ్లపై వెళ్లేవారే కనుక, తాగిన స్నేహితుడి బండి ఎక్కకూడదని, అలాంటి రాత్రి ఎన్ని గంటలకు ఫోన్ చేసినా తిట్టకుండా వచ్చి తీసుకెళతామని స్పష్టంగా చెప్పండి. 2008 నాటి చట్టం ప్రకారం థాయ్‌లాండ్‌లో 20 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. సెలవులకు మీరు వచ్చే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ వయసు 21.

ఒక్కసారి జరిగినదానికి చికిత్స అవసరం లేదు. అయితే ఒంటరిగా తాగడం, దిగులు తగ్గించుకోవడానికి తాగడం, చదువు, నిద్ర దెబ్బతినడం, డబ్బు విషయంలో అబద్ధాలు వంటివి కనిపిస్తే పిల్లల మానసిక వైద్యుడికి చూపించండి. థాయ్‌లాండ్‌లో మద్యం మానడానికి సలహా ఇచ్చే ఫోన్ నంబరు 1413, మానసిక ఆరోగ్యానికి 1323. ఎవరైనా తాగి, లేపినా లేవకపోయినా, శ్వాస నెమ్మదించినా, స్పృహ లేకుండా వాంతి చేసుకున్నా పడుకుంటే తగ్గుతుందని వదిలేయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే అత్యవసర వైద్య సేవల నంబరు 1669కు ఫోన్ చేయాలని మీ అబ్బాయికీ అతని స్నేహితులకూ చెప్పండి.