ట్రంక్ కాల్‌కు అంతసేపు ఎందుకు?

ప్రశ్న: మా జేజినాయన కడప నుంచి మద్రాసుకు ఫోన్ చేయాలంటే పొద్దున బుక్ చేసి సాయంత్రం దాకా కాచుకునేవాడట. నంబర్ నొక్కితే పోయేదానికి అంతసేపెందుకు?
– డిగ్రీ విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: నొక్కడానికి ఏముంటే కదమ్మా! అప్పట్లో చాలా ఫోన్లకు డయల్ కూడా లేదు, రిసీవర్ ఎత్తితే మేమే పలికేవాళ్లం. నేను అప్పట్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌ని. వేరే ఊరికి మేం కలిపే ఫోన్‌నే ట్రంక్ కాల్ అనేవాళ్లు. ఊరు, నంబరు చెప్తే టికెట్ మీద రాసుకునేవాళ్లం. ఊరికీ ఊరికీ మధ్య లైన్లు కొన్నే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాల్సిందే. లైను ఖాళీ అయ్యాక అవతలి ఆపరేటర్‌ను పిలిచి, బోర్డులో ప్లగ్గు గుచ్చి ఇద్దరినీ కలిపేవాళ్లం.

తొందరగా కలపాలంటే అర్జంట్ కాల్, దానికి ఆర్డినరీకి రెట్టింపు చార్జీ. అన్నిటికన్నా ముందు కలిపే లైట్నింగ్ కాల్‌కు ఇంకా చాలా ఎక్కువ, చావు కబురుకో పెద్ద వ్యాపారానికో తప్ప అడిగేవాళ్లు కాదు. నన్నడిగితే తెలివైనది పీపీ కాల్. మనిషి పేరు చెప్పి బుక్ చేస్తే, ఆ మనిషి దొరికితేనే పూర్తి చార్జీ.

చార్జీ లెక్క మూడు నిమిషాలకొకసారి. మేం మధ్యలో దూరి 'త్రీ మినిట్స్' అనగానే, అంతదాకా ఎండలూ వానలూ మాట్లాడినోళ్లు గబగబా అసలు సంగతిలోకి దిగేవాళ్లు!

ఆపరేటర్ లేకుండా వేరే ఊరికి నేరుగా డయల్ చేసే ఎస్‌టీడీ దేశంలో మొదట 1960లో కాన్పూర్, లక్నోల మధ్య వచ్చింది. మన వైపు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మాటలు వినేవాళ్లమా అంటావా? లైను కలిసిందో లేదో చూసేంతవరకే. పెళ్లి సంబంధం మాటలైతే వేరే సంగతనుకో.