ఈజిప్ట్ టూర్‌కి డబ్బు ఎప్పుడు కట్టాలి, ఎక్కడి నుంచి తీయాలి?

ప్రశ్న: నా వయసు 59. హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. ఇంకో 14 నెలల్లో రిటైర్ అవుతాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు నైలు నది, పిరమిడ్ల పాఠం చెబుతున్నాను, ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు. మావారు పోయి మూడేళ్లయింది. అబ్బాయి వేరే ఊళ్లో ఉంటాడు, 84 ఏళ్ల మా అమ్మ నాతోనే ఉంటుంది. వచ్చే ఫిబ్రవరి రెండో వారంలో బయలుదేరే 11 రోజుల ఈజిప్ట్ గ్రూప్ టూర్ ఒకటి చూశాను. ఈ ఏప్రిల్ నెలాఖరులోగా మొత్తం కట్టేస్తే 8 శాతం తగ్గిస్తామంటున్నారు. లేదంటే 24 నెలల వాయిదాలట, 15 శాతం వడ్డీ. మా అబ్బాయి వాయిదాల్లో వెళ్లమంటున్నాడు. నాకేమో అత్యవసరానికి దాచిన డబ్బు తీసి, డిస్కౌంట్‌తో ఒకేసారి కట్టేద్దామని ఉంది. రిటైర్మెంట్ ముందు ఇంత ఖర్చు పెట్టడం తప్పా? బ్రోషర్, షరతుల కాగితం, నా లెక్కలు జత చేశాను.

జవాబు: టీచర్ గారూ, ముందు చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. తప్పు కాదు. ఈ టూర్‌కి మీరు వెళ్లగలరు, వెళ్లండి. రిటైరయ్యాక వెళ్దామని వాయిదా కూడా వేయకండి. జీతం వస్తుండగా పెట్టే ఖర్చు వేరు, రిటైర్మెంట్ సొమ్ములోంచి పెట్టే ఖర్చు వేరు. ఆ సొమ్ము పాతికేళ్లు రావాలి. దాన్ని మొదటి ఏడాదే కదిలిస్తే ఆ పాతికేళ్లూ ఆ లోటు కనిపిస్తూనే ఉంటుంది. పైగా గీజాలో ఖుఫు పిరమిడ్ లోపలికి వెళ్లే దారి చాలా దూరం నడుం వంచి ఎక్కాలి. రాజుల లోయలో సమాధుల్లోకి మెట్లు, ఏటవాలు దారులు దిగి మళ్లీ ఎక్కాలి. మోకాళ్లు మాట వింటున్నప్పుడే ఆ పని అయిపోవాలి.

అయితే మీరు అనుకున్న రెండు దారులూ నాకు నచ్చలేదు. మీరు పంపిన కాగితాల్లో నేను ముందు చదివింది షరతుల కాగితం. ఏ టూర్‌లోనైనా ధర ఎంత అన్నదానికంటే, ఆ డబ్బు ఏ తేదీ నుంచి తిరిగి రాదు అన్నది నేను ముందు చూస్తాను. మీ విషయంలో మొత్తం అక్కడే తేలిపోతుంది.

లెక్క తేలిగ్గా ఉండటానికి బ్రోషర్‌లో వేసిన ధరను 100 అనుకుందాం. మీరు ఒక్కరే గదిలో ఉంటారు కాబట్టి దానికి అదనంగా 28. అంటే కంపెనీకి కట్టాల్సింది 128. మామూలు పద్ధతిలో ఇప్పుడు 20 అడ్వాన్స్, మిగతా 108 ప్రయాణానికి 60 రోజుల ముందు, అంటే డిసెంబరు మధ్యలో. అప్పటిలోగా మానుకుంటే పోయేది అడ్వాన్స్ 20 మాత్రమే. 60 నుంచి 30 రోజుల మధ్య మానుకుంటే సగం పోతుంది. నెలలోపు అయితే మొత్తం పోతుంది. ఇప్పుడు డిస్కౌంట్ పథకం కింద ఉన్న చిన్న అక్షరాలు చూడండి: కట్టిన రోజు నుంచే రీఫండ్ లేదు. తగ్గింపు బ్రోషర్ ధర 100 మీదే కాబట్టి 8 మిగులుతుంది నిజమే. 120 మాత్రం ఈ నెలలోనే చెయ్యి దాటిపోతుంది. మామూలు పద్ధతిలో పోతే 20 పోయేది, ఇందులో 120 పోతుంది. అంటే 8 మిగుల్చుకోవడానికి ఇంకో 100ని దాదాపు ఎనిమిది నెలలు పణంగా పెడుతున్నారు.

ఆ ఎనిమిది నెలల్లో మీరు టూర్ మానుకోవాల్సి వచ్చే అవకాశం పదమూడింట ఒకటి కంటే ఎక్కువ ఉంటే ఈ డిస్కౌంట్ మీకు నష్టమే. ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయం దగ్గర నేను ఆగిపోయాను: అమ్మకు 84 ఏళ్లు. మీరు పంపిన ఖర్చుల పట్టికలో నిరుడు ఆవిడ రెండుసార్లు ఆసుపత్రిలో ఉన్నట్టు కనిపిస్తోంది. ఆవిడ చల్లగా ఉండాలి. కానీ లెక్క వేసేటప్పుడు ఆ సంగతి పక్కన పెట్టలేం. డిస్కౌంట్ వదిలేయండి.

ఇన్సూరెన్స్ ఉంటుంది కదా అంటారేమో. తప్పకుండా తీసుకోండి, అదీ అడ్వాన్స్ కట్టిన వారంలోనే తీసుకోండి. టూర్ రద్దుకు కవర్ పాలసీ తీసుకున్నాకే మొదలవుతుంది. పాత జబ్బులకు కూడా కవర్ ఇచ్చే పాలసీల్లో కొన్ని, మొదటి చెల్లింపు చేసిన రెండు మూడు వారాల్లోపు తీసుకోవాలని షరతు పెడతాయి. మీ బీపీ సంగతి దాచకుండా రాయండి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రయాణం చేయని కుటుంబసభ్యులకు జబ్బు చేసి మీరు మానుకుంటే డబ్బు ఇస్తారా, అందులో వాళ్లకు ముందే ఉన్న జబ్బులు లెక్కలోకి వస్తాయా అని అడగండి. చాలా పాలసీలు సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తాయి. విదేశంలో ఆసుపత్రి ఖర్చు, అవసరమైతే మిమ్మల్ని ఇంటికి చేర్చే ఖర్చు ఎంతవరకు ఇస్తారో కూడా చూడండి. లక్సర్‌లో తెల్లవారుజామున బెలూన్ ఎక్కించే అదనపు టూర్ ఒకటి ఉంటుంది. ఎక్కాలనుకుంటే పాలసీలో దానికి మినహాయింపు ఉందేమో చదివి ఎక్కండి.

మీ అబ్బాయి చెప్పిన వాయిదాల దారి మరీ వద్దు. 128ని 15 శాతానికి 24 నెలలు కడితే మొత్తం 149 అవుతుంది. ఆ 21 కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. మీ జీతం 14 నెలల్లో ఆగిపోతుంది. చివరి పది వాయిదాలు పెన్షన్ మీద పడతాయి. ఎప్పుడో చూసొచ్చిన పిరమిడ్లకు జీతం లేని రోజుల్లో కిస్తీ కట్టడం మనసుకు కూడా బరువే.

అత్యవసర నిధి జోలికి అసలు వెళ్లొద్దు. మీ దగ్గరున్నది ఆరు నెలల ఖర్చుకు సరిపోతుంది, ఇంట్లో పెద్దావిడ ఉన్నప్పుడు అది ఎక్కువేమీ కాదు. మరి డబ్బు ఎక్కడిది? మీ పట్టికలోనే ఉంది, మీరు దాన్ని ఈ టూర్‌తో కలిపి చూసుకోలేదంతే. డిసెంబరు మొదటి వారంలో మీ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి మెచ్యూర్ అవుతోంది, మన లెక్కలో అది 110. డిసెంబరు మధ్యలో కట్టాల్సింది 108. ఇప్పటి అడ్వాన్స్ 20 మీ సేవింగ్స్ ఖాతాలో మిగులుగా ఉంది. నెలకు 5 చొప్పున మీరు పక్కన పెట్టగలుగుతున్నారు, ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఎనిమిది నెలలకు 40. డిపాజిట్ మధ్యలో విరగ్గొట్టే పని లేదు, అప్పు పని లేదు.

ఆ 40 ఎందుకంటే, బ్రోషర్ ధరలో లేనివి చాలా ఉన్నాయి. మీది చదివి నేను వేసిన అంచనా ఇది: అబూ సింబెల్ గుళ్లు చూపించే అదనపు టూర్‌కు 6, కొన్ని చోట్ల విడి టికెట్లకు 5, టిప్పులకు 5, వీసాకూ ఇన్సూరెన్స్‌కూ కలిపి 6, వాళ్లు పెట్టని భోజనాలకూ మంచినీళ్లకూ 4, డాలర్ పెరిగితే సర్దుకోవడానికి 6. ఇంకొకటి మీరూ మరిచారు, కంపెనీ ఎటూ రాయదు. ఆ 11 రోజులు అమ్మ దగ్గర రాత్రీ పగలూ ఉండే మనిషికి ఇచ్చే జీతం. దానికి 5. అన్నీ కలిపి 37. కాబట్టి మీ టూర్ ధర 165. బ్రోషర్ మీద ఉన్న 100ని మనసులోంచి తీసేయండి.

అబూ సింబెల్‌ను అదనపు టూర్‌గా పెట్టడం నాకు బాధగానే ఉంటుంది, కానీ చాలా కంపెనీలు అలాగే చేస్తాయి. ఆస్వాన్ నుంచి దక్షిణంగా దాదాపు 280 కిలోమీటర్లు, చీకటితోనే లేచి బస్సెక్కాలి. అలసట అని దాన్ని మాత్రం మానకండి. ఆస్వాన్ హై డ్యామ్ కడితే రెండో రామ్సెస్ కట్టించిన ఆ గుళ్లు నాసర్ సరస్సులో మునిగిపోయేవి. 1964 నుంచి 1968 దాకా, యునెస్కో ఆధ్వర్యంలో కొండను కోసి, ముక్కలుగా పైకి తరలించి, దాదాపు 65 మీటర్ల ఎత్తున మళ్లీ నిలబెట్టారు. పిల్లలకు పాఠం చెప్పిన మీరు ఆ విగ్రహాల పాదాల దగ్గర నిలబడి ఆ అతుకుల కోసం వెతుక్కోవాలి. ఆ 6 మొదటే పక్కన పెట్టేయండి. ఏటా ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న సూర్యకిరణాలు గర్భగుడి దాకా వెళ్తాయి. ఆ తేదీకి కుదిరేలా నడిపే బ్యాచ్‌కి ఎక్కువ అడుగుతున్నారని రాశారు. వెలుగు ఉండేది ఇరవై నిమిషాలు, జనం వేలల్లో. ఆ డబ్బు ఇంకోచోట మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఎక్కడంటే, విడి టికెట్ల దగ్గర. నా సొంత అనుభవం చెబుతాను. కొన్నేళ్ల కిందట నేనూ మా ఆవిడా ఇలాంటి గ్రూప్‌లోనే లక్సర్ వెళ్లాం. "రాజుల లోయ ప్రవేశం ధరలో ఉంది" అని కాగితంలో రాసి ఉంది. అక్కడి మామూలు టికెట్‌తో చూడనిచ్చేది మూడు సమాధులే. టుటన్‌ఖామున్‌ది, మొదటి సేతిది విడి టికెట్లు. సేతి సమాధి గోడల మీద రంగులు ఇప్పటికీ ఎలా ఉన్నాయో మా ఆవిడ ముందే చదువుకుని వచ్చింది. కౌంటర్ దగ్గర నగదు తీసుకోం అన్నారు, కార్డు మాత్రమే. కార్డు నైలు మీద ఓడలో, గది లాకర్‌లో ఉంది. తను ఆ సమాధి గేటు దాకా నడిచి, ఇనుప కడ్డీ పట్టుకుని లోపలి మెట్ల వైపు కాసేపు చూసి వచ్చింది. బస్సులో ఏమీ మాట్లాడలేదు. అంత డబ్బు పెట్టి అంత దూరం వెళ్లి, ఒక చిన్న టికెట్ దగ్గర ఆగిపోయాం. ఆ తర్వాత నేను ఎవరి టూర్ లెక్క రాసినా విడి టికెట్లకు వేరే గీత గీస్తాను. ఏ సమాధులు చూడాలో ఇప్పుడే రాసుకోండి, విదేశంలో పనిచేసే కార్డు దగ్గరే ఉంచుకోండి. సంరక్షణ పనుల కోసం అప్పుడప్పుడు కొన్నిటిని మూసేస్తారు, బయలుదేరే ముందు అడగండి.

టిప్పుల సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. బక్షీష్ అన్న మాట అక్కడ రోజూ వినిపిస్తుంది. చాలా గ్రూపుల్లో డ్రైవర్లకు, ఓడ సిబ్బందికి కలిపి మొదటి రోజే ఒక మొత్తం వసూలు చేస్తారు. మీ కాగితంలో అది "తప్పనిసరి" అని ఉంది, అంటే అది ధరలో భాగమే.

ఎవరో మీతో "ఈజిప్ట్ పౌండ్ పడిపోయింది, ఇప్పుడు వెళ్తే చవక" అన్నారని రాశారు. పడిపోయిన మాట నిజం. 2024 మార్చి 6న ఒక్కరోజులో డాలరుకు సుమారు 31 నుంచి 50 దాకా వెళ్లింది. కానీ మీ టూర్ ధర డాలర్లలో ఉంది. పౌండ్ పడితే మీకు చవకయ్యేవి దారిలో కొనే చిన్న చిన్న వస్తువులే. మిమ్మల్ని తాకేది డాలరుకూ మీ జీతం వచ్చే కరెన్సీకీ మధ్య ఉన్న రేటు. అందుకే ఆ 6.

కొనే వస్తువులంటే గుర్తొచ్చింది. ఈ టూర్లలో పపైరస్ దుకాణం, అత్తర్ల దుకాణం, లక్సర్ పడమటి ఒడ్డున పాలరాయి పోలిన అలబాస్టర్ రాతి పని దుకాణం దగ్గర బస్సు ఆపడం మామూలే. మీరు కొంటే గైడ్‌కు కమిషన్ ఉండొచ్చు. కొనాలని ఉంటే కొనండి, మొహమాటానికి కొనకండి. మీ 165లో వీటికి చోటు లేదు.

ఇక కంపెనీ. నైలు మీదికి గ్రూప్ టూర్ తీసుకెళ్లడం థామస్ కుక్ 1869లో మొదలుపెట్టారు. ఆయన పేరుతో నడిచిన బ్రిటిష్ కంపెనీ 178 ఏళ్ల తర్వాత, 2019 సెప్టెంబరు 23న మూతపడింది. అప్పటికి లక్షన్నర మంది బ్రిటిష్ ప్రయాణికులు విదేశాల్లో ఉన్నారు, వాళ్లను ప్రభుత్వమే ఏర్పాట్లు చేసి ఇంటికి చేర్చాల్సి వచ్చింది. అంత పాత పేరుకే అలా జరిగినప్పుడు, మీ కంపెనీ ఎంత మంచిదన్నది మనం తేల్చలేం. తేల్చగలిగింది మీ డబ్బు ఎక్కడ ఉంటుందన్నదే. కాబట్టి అడ్వాన్స్ కట్టే ముందు ఈమెయిల్‌లో నాలుగు అడగండి. నా అడ్వాన్స్ విడి ఖాతాలోనో ఏదైనా గ్యారంటీ పథకం కిందో ఉంటుందా? మనుషులు చాలక మీరే టూర్ రద్దు చేస్తే డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారు, డబ్బే ఇస్తారా, తర్వాతి టూర్‌కి వాడుకోమని ఇచ్చే క్రెడిట్ నోటా? (2020లో చాలామందికి దక్కింది క్రెడిట్ నోటే.) ఒంటరిగా వచ్చే ఇంకో ఆవిడతో గది పంచుకుంటే ఈ 28 తగ్గుతుందా? కట్టాక ధర పెంచే హక్కు మీకు ఉందా? జవాబులు రాతపూర్వకంగా రావాలి, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. అడ్వాన్స్‌ను క్రెడిట్ కార్డు మీద కట్టి, అదే నెల బిల్లులో పూర్తిగా తీర్చేయండి. ఏదైనా తేడా వస్తే బ్యాంకు దగ్గర అభ్యంతరం పెట్టడానికి దారి ఉంటుంది.

డిసెంబరు మొదటి వారం, డిపాజిట్ మెచ్యూర్ అయిన రోజున, 108 కట్టే ముందు ఒకసారి ఆగి అమ్మ ఆరోగ్యం ఎలా ఉందో డాక్టర్‌తో మాట్లాడండి. అప్పటికి మీరు పణంగా పెట్టింది 20 మాత్రమే. ఆవిడ బాగుంటే అదే వారం కట్టేయండి. ఆ 11 రోజులకు తోడుండే మనిషిని మాత్రం జనవరిలోనే ఒక వారం ముందుగా పెట్టి చూడండి, అమ్మకు అలవాటవుతుంది. కంపెనీ జవాబులు వచ్చాక నాకు పంపండి, పాలసీ కాగితం కూడా. రెండూ పక్కపక్కన పెట్టి చదివి చెబుతాను.