పది శాతం ఫ్లాటా, పన్నెండు శాతం రెడ్యూసింగా?

ప్రశ్న: మాది చంద్రగిరి. తిరుపతి గాంధీ రోడ్డులో బట్టల షాపులో పని చేస్తున్నాను, జీతం 18,000. రాత్రి షాపు మూసేసరికి బస్సులు తగ్గిపోతాయి. అందుకే స్కూటర్ కొనాలని ఉంది. లక్ష అప్పు కావాలి, మూడేళ్లలో తీరుస్తాను. షోరూంలో ఫైనాన్స్ వాళ్లు 10 శాతం ఫ్లాట్ అంటున్నారు. బ్యాంకులో 12 శాతం రెడ్యూసింగ్ అన్నారు. ప్రాసెసింగ్ ఫీజు, ఏపీఆర్, ఫోర్‌క్లోజర్... ఈ మాటలేవీ నాకు అర్థం కావడం లేదు. పది తక్కువే కదా, తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. ఇక్కడ పది కంటే పన్నెండే చవక.

ఫ్లాట్ అంటే మొదట తీసుకున్న లక్ష మీదే చివరి నెల దాకా వడ్డీ వేస్తారు. ఏడాదికి 10,000, మూడేళ్లకు 30,000. నెల కంతు 3,611 పడుతుంది. మూడో ఏడు మొదలయ్యేసరికి అసలులో మూడింట రెండు వంతులు మీరు కట్టేసి ఉంటారు, బాకీ 33,000 చిల్లర. అయినా ఆ ఏడు కూడా లక్షకు వేసినట్టే 10,000 వడ్డీ! నాకు కోపం తెప్పించేది ఇదే. తీర్చేసిన డబ్బుకు కూడా మీ చేత వడ్డీ కట్టిస్తున్నారు.

రెడ్యూసింగ్‌లో అలా కాదు. ప్రతి కంతులో కొంత అసలుకు జమ అవుతుంది, మిగిలిన బాకీకే మరుసటి నెల వడ్డీ. 12 శాతానికి కంతు 3,321, మూడేళ్ల వడ్డీ 19,600 లోపే. తేడా పది వేల పైమాటే, మీ జీతంలో సగానికి మించి. ఆ ఫ్లాట్ పదిని ఈ లెక్కలోకి మారిస్తే దాదాపు 18 శాతం. ఊళ్లో నోటు రాసి తెచ్చే అప్పు లెక్కన నూటికి రూపాయిన్నర వడ్డీ.

అలాగని బ్యాంకు చెప్పిన పన్నెండునీ అలాగే నమ్మేయకండి. ప్రాసెసింగ్ ఫీజు, అంటే అప్పు మంజూరు చేసే పనికి వేసే రుసుము, కింద 3,000 ముందే పట్టుకుంటే చేతికొచ్చేది 97,000, వడ్డీ మాత్రం లక్షకు. అప్పుడు అసలు భారం 14 శాతం దాటుతుంది. ఇలా ఫీజులన్నీ కలిపి ఏడాదికి లెక్కగట్టిన రేటే ఏపీఆర్. రెండు అప్పుల్ని పోల్చాల్సింది దీంతోనే. ఫోర్‌క్లోజర్ అంటే గడువుకు ముందే అప్పు మొత్తం కట్టేయడం. దానికి ఛార్జీ ఎంతో ఇప్పుడే అడగండి.

ఏపీఆర్‌ను నోటిమాటగా చెప్పించుకోవద్దు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి కొత్త అప్పులకు బ్యాంకులైనా, ఫైనాన్స్ కంపెనీలైనా 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇచ్చి తీరాలి. మీకు అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలి, కాబట్టి తెలుగులో అడగండి, మొహమాటం అక్కర్లేదు. అందులో లేని ఛార్జీని తర్వాత మీ ఒప్పుదల లేకుండా వసూలు చేయకూడదు. ఆ కాగితంలోని షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లుతాయి. 'ఇవాళే సంతకం పెట్టండి' అని తొందరపెడితే లేచి వచ్చేయండి. రెండు చోట్లా కాగితాలు తెచ్చుకుని, ఇంట్లో పక్కపక్కన పెట్టి ఏపీఆర్, మొత్తం కట్టాల్సిన సొమ్ము చూసి నిర్ణయం తీసుకోండి.